సియాటిల్ వీథులు - వెండితెర కథ

1999వ సంవత్సరము నవంబరు 30వ తేదీ ఉదయమున అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య భాగమునందలి సియాటిల్ నగరములో ఒక మహాసభ ప్రారంభము కావలసియుండెను. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన 135 సభ్యరాజ్యముల మంత్రులును ప్రతినిధులును పారమౌంటు నాటకశాలలో సమావేశమై స్వాగతోపన్యాసములు వినవలసియుండిరి. ఆ పూట ఆ ఉపన్యాసములు జరుగలేదు. సభకు పోవు కూడళ్లలో జనులు ఒకరి చేతులొకరు పెనవేసికొని కూర్చుండియుండిరి. ప్రతినిధులలో అనేకులు తమ బసలనుండి సభాస్థలము చేరలేకపోయిరి. ప్రారంభోత్సవము రద్దయ్యెను.

ఎనిమిది సంవత్సరముల తరువాత ఈ వృత్తాంతము చలనచిత్రమయ్యెను. ఐర్లండు దేశస్థుడగు నటుడు స్టువర్ట్ టౌన్సెండ్ తొలిసారిగా దర్శకత్వము వహించి 'బ్యాటిల్ ఇన్ సియాటిల్' అను పేర దానిని తీసెను. సియాటిల్ సమరము అని ఆ పేరునకు అర్థము. 2007వ సంవత్సరమున టొరాంటో చలనచిత్రోత్సవములో అది మొదట ప్రదర్శింపబడెను. మఱుసటి యేడు అమెరికాలో విడుదలయ్యెను. ఆ చిత్రము మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుట నా యుద్దేశము కాదు. వేలకొలది జనులు కలిసి చేసిన నిరసనమును కల్పితకథగా మార్చునపుడు ఏది నిలుచును, ఏది జారిపోవును అనునదే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఆ జనులు అచట ఏల కూర్చుండిరో తెలియవలెను. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995వ సంవత్సరము జనవరి 1వ తేదీన జినీవా నగరము కేంద్రముగా ఏర్పడినది. దేశములు పరస్పరము విధించు సుంకములు తగ్గించుట, వర్తకమునకు నియమములు ఏర్పఱచుట దాని పని. అంతకు పూర్వము 1947 నుండి నడచిన ఒడంబడికకును దీనికిని ఒక ముఖ్యమైన భేదమున్నది. పూర్వపు ఏర్పాటులో ఓడిన దేశము సమ్మతింపనిదే తీర్పు అమలు కాకుండెడిది. క్రొత్త సంస్థలో ఆనాడు తీర్పు సామాన్యముగా అంగీకరింపబడి తీరెడిది. దానిని పాటింపని దేశముపై గెలిచిన దేశము ప్రతిసుంకములు విధింపవచ్చును. కావున ఒక దేశపు శాసనసభ చేసిన చట్టము జినీవాలో కూర్చున్న కొందఱు నిపుణుల యెదుట నిలువవలసివచ్చెను. ఈ నిపుణులను ఎన్నుకొన్న వారెవరు, వీరు ఎవరికి జవాబుదారులు అని కార్మికులు, రైతులు, ప్రకృతి సంరక్షకులు, విద్యార్థులు ప్రశ్నించిరి. వారి కోరికలు వేఱు వేఱు. ప్రశ్న మాత్రము ఒక్కటే.

ఈ ప్రశ్నతో సియాటిల్ నగరమునకు వచ్చినవారు నలుబది వేలకు తక్కువ కారు. వారిలో అధికసంఖ్యాకులు కార్మికసంఘముల పిలుపున వచ్చి శాంతముగా ఊరేగిన వారు. కూడళ్లను ఆక్రమించిన వారి పద్ధతి వేఱు. వారికి సేనాపతి లేడు. పరిచయస్థులు కొందఱు చొప్పున చిన్న చిన్న బృందములుగా ఏర్పడిరి. ఒక్కొక్క బృందము ఒక్కొక్క ప్రతినిధిని ఉమ్మడి మండలికి పంపెను. మండలిలో అందఱి సమ్మతి కుదిరినదే నిర్ణయము. నగర మధ్యభాగమును ఖండములుగా పంచుకొని, ఏ కూడలిని ఏ బృందము కాచునో ముందుగానే నిశ్చయించుకొనిరి. కొందఱు తమ చేతులను గొట్టములలో దూర్చి లోపల బంధించుకొనిరి. గొట్టమును కోయనిదే వారిని విడదీయుట సాధ్యము కాదు.

ఆ యుదయము సుమారు పది గంటలకు పోలీసులు బాష్పవాయువు ప్రయోగింప మొదలిడిరి. నల్లని దుస్తులు ధరించి ముఖములు కప్పుకొన్న ఒక చిన్న గుంపు అటుపిమ్మట పెద్ద పెద్ద దుకాణముల అద్దములు పగులగొట్టెను. మధ్యాహ్నమునకు పిదప నగరాధ్యక్షుడు పాల్ షెల్ అత్యవసర పరిస్థితి ప్రకటించి రాత్రివేళ సంచారము నిషేధించెను. గవర్నరు గేరీ లాక్ నేషనల్ గార్డు దళములను రప్పించెను. నగరమధ్యమున సుమారు ఏబది వాడలు నిరసనము కూడని ప్రదేశముగా ప్రకటింపబడెను. ఆ దినములలో సుమారు ఆఱువందల మంది నిర్బంధింపబడిరి. వారిలో పెక్కుమంది కారాగారమున తమ పేర్లు చెప్ప నిరాకరించి, అందఱిని సమానముగా చూడవలెనని పట్టుపట్టిరి. డిసెంబరు 3వ తేదీన మహాసభ ఏ తీర్మానమును చేయకయే ముగిసెను. కొలది దినములలో పోలీసు ముఖ్యాధికారి నార్మ్ స్టాంపర్ రాజీనామా ప్రకటించెను.

ఇది చరిత్రము. ఇక చలనచిత్ర కథ. జే అను యువకుడు నిరసనకారులలో ముఖ్యుడు; అరణ్యరక్షణకై జరిగిన నిరసనములో అతని సోదరుడు మరణించియుండెను. డేల్ అనునతడు పోలీసు ఉద్యోగి. అతని భార్య ఎల్లా గర్భవతి, నగరమధ్యమున ఒక దుకాణములో పని చేయుచుండును. అల్లరులలో ఇంటికి పోవుచున్న ఆమెను ఒక పోలీసువాడు కొట్టును, గర్భము పోవును. దుఃఖముతో క్రోధోన్మత్తుడైన డేల్ జేను వెంటాడి చావగొట్టును. పిదప చెఱసాలకు వచ్చి క్షమాపణ వేడును. వీరితోపాటు నగరాధ్యక్షుడు, టెలివిజన్ వార్తలు సేకరించు ఒక స్త్రీ, పేదదేశములకు ఔషధములు అందవలెనని వాదించు వైద్యుడు, ఆఫ్రికా ప్రతినిధి మున్నగువారు కథలో వత్తురు. నగరాధ్యక్షునికి చిత్రములో జిమ్ టోబిన్ అను కల్పిత నామము పెట్టిరి. నిజముగా తీసిన వార్తాచిత్రములను నటీనటుల దృశ్యములతో కలిపి కూర్చిరి.

ఇట్టి మిశ్రణము మన అలంకారికులకు క్రొత్త కాదు. ధనంజయుని దశరూపకము ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించినది. పురాణేతిహాసములనుండి గ్రహించినది ప్రఖ్యాతము; కవి కల్పించినది ఉత్పాద్యము; రెండును కలిసినది మిశ్రము. ఆ లెక్కను ఈ చిత్రము మిశ్రేతివృత్తము. కాబట్టి లేని వ్యక్తులను కల్పించుట దోషమని ఎవరును అనజాలరు. అయితే ఆ శాస్త్రమే నాయకులను ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాలుగు తెగలుగా విభజించినది. ఈ నాలుగింటిలో జనసమూహమునకు చోటు లేదు. అసలు చిక్కు ఇచటనే ఆరంభమగుచున్నది.

ప్రేక్షకునకు ఒక ముఖము కావలెను. నలుబది వేల ముఖములు చూపినచో అతడు ఏ ముఖమును చూడడు. కావున కథకుడు ఒకనిని ఎన్నుకొని, వానికి ఒక దుఃఖమును కల్పించి, ఆ దుఃఖముద్వారా ప్రేక్షకుని హృదయములో ప్రవేశించును. జేకు సోదరుని మరణము, డేల్‌కు బిడ్డను కోల్పోవుట ఆ ప్రయోజనము కొఱకే కల్పింపబడినవి. నాటకధర్మము అట్టిది. కాని దీనివలన ఒక మార్పు ప్రేక్షకునకు తెలియకుండ జరిగిపోవును. నిజమైన నిరసనకారుడు కూడలిలో కూర్చుండుటకు కారణము అతని సొంత దుఃఖము కాదు. ఒక నియమము అన్యాయమని అతడు విచారించి తెలిసికొన్న తెలివి. చిత్రములో ఆ తెలివి యున్న స్థలమున గాయము వచ్చి కూర్చుండినది. గాయపడినవానిని చూచి మనము జాలిపడుదుము. కారణము చెప్పినవానికి మనము సమాధానము చెప్పవలసియుండును. జాలిపడుట సులభము, సమాధానము చెప్పుట కష్టము.

రెండవ మార్పు నాయకత్వమునకు సంబంధించినది. సమ్మతిచే నడచిన మండలిని తెరమీద చూపుట బహుకష్టము. గంటలకొలది సాగు చర్చలో ఎవరును శత్రువు కారు, ఎవరును వీరుడు కారు. కథకుడు సహజముగా ఆ చర్చను కుదించి, ఒకరిద్దఱు ధైర్యశాలుల నోట ఆజ్ఞలను పలికించును. అంతట ఆ ఉద్యమమునందలి విశేషమే మఱుగు పడును. వారు వాణిజ్య సంస్థపై మోపిన నేరము, కొందఱు లోపల కూర్చుండి అందఱి తరఫున నిర్ణయించుచున్నారని గదా. ఆ నేరము మోపినవారు తాము అట్లు నడువకుండ జాగ్రత్తపడిరి. ఆ జాగ్రత్తయే వారి వాదములో సగభాగము. దానిని తొలగించినచో మిగిలినది ఒక సాహసకథ మాత్రమే. ఆ నిరసనమును కూర్చినవారిలో ఒకడగు డేవిడ్ సోల్నిట్ చిత్రకథను ముందుగా చదివి మార్పులు కోరెను. పిదప సోదరి రెబెకా సోల్నిట్‌తో కలిసి, ఆ సమరపు కథను ఎవరు చెప్పవలెనను విషయముపైననే 2009లో ఒక గ్రంథము ప్రకటించెను.

మూడవది సంఘటనల క్రమము. చలనచిత్రమున ముందు కనబడినది కారణముగను, వెనుక కనబడినది ఫలముగను ప్రేక్షకునకు తోచును. అద్దములు పగులుట ముందు చూపి, బాష్పవాయువు వెనుక చూపినచో పోలీసులు అల్లరిని అణచినట్లు తోచును. వాయువును ముందు చూపినచో అర్థము మాఱిపోవును. ఒక్క మాటయైనను మార్చనక్కఱలేదు. రెండు ముక్కలను తాఱుమాఱు చేసిన చాలును. నిజమైన వార్తాచిత్రములు నడుమ కలిసియున్నపుడు ఈ భారము మఱింత హెచ్చును. నిజపు ముక్క ప్రక్కనున్న కల్పితపు ముక్కకు సాక్ష్యమిచ్చును. ప్రేక్షకుడు రెంటిని వేఱుచేయజాలడు.

ఇట్టి చిక్కును ఇతరులు ఎట్లు పరిష్కరించిరి అని మీరడుగవచ్చును. రష్యా దర్శకుడు ఐసెన్‌స్టైన్ 1925లో తన 'స్ట్రైక్', 'బాటిల్‌షిప్ పొటెంకిన్' చిత్రములలో జనసమూహమునే నాయకునిగా చేసెను. కాని ఆయన చిత్రించిన ఒడెస్సా మెట్లమీది మారణకాండ అట్లు జరిగినది కాదు. 1905లో ఆ నగరమున కాల్పులు ఇతర స్థలములందు జరిగినవి. నేటికిని లోకము జ్ఞాపకముంచుకొన్నది ఆ మెట్లనే. ఇటలీవాడగు పొంటెకోర్వో 1966లో 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' తీసినపుడు చూచువారికి వార్తాచిత్రమే అనిపించునట్లు తీసెను గాని నిజమైన వార్తాచిత్రపు ముక్క ఒక్కటియు అందులో చేర్చలేదు. పోరాటమున పాల్గొన్న సాదీ యాసెఫ్ తానే అందులో నటించెను. అమెరికావాడగు హాస్కెల్ వెక్స్‌లర్ 1968లో షికాగో నగరపు వీథులలో నిరసనము జరుగుచుండగనే తన నటిని జనుల నడుమ నడిపించి 'మీడియం కూల్' చిత్రమును తీసెను. అది 1969లో వెలువడెను. మువ్వురును మూడు దారులు త్రొక్కిరి. ఒక్క దారియైనను మూల్యము చెల్లింపక లభించినది కాదు.

ఇంతవఱకు చెప్పినది దూరదేశపు సంగతివలె తోచవచ్చును. కాని సియాటిల్ వీథులలో మన తూర్పుతీరమునకును ఒక సంబంధము కలదు. ఆ నిరసనపు చిత్రములలో లోకము మఱువనిది తాబేళ్ల వేషము. రెండువందలకు పైగా జనులు సముద్రపు తాబేళ్లవలె డిప్పలు ధరించి కార్మికుల ప్రక్కన నడచిరి. టౌన్సెండ్ చిత్రములోను జాంగో అనువాడు ఆ వేషముననే కనబడును. తాబేలు ఏల?

రొయ్యలకై లాగు వలలలో సముద్రపు తాబేళ్లు చిక్కుకొని ఊపిరాడక చచ్చును. అవి తప్పించుకొని పోవుటకు వలలో ఒక ద్వారమమర్చు సాధనము కలదు. అట్టి సాధనము వాడని దేశములనుండి రొయ్యలు కొనరాదని అమెరికా 1989లో చట్టము చేసినది. 1990 తరువాతి కాలమున ఆ నియమము ఆసియా దేశములకును వర్తింపజేయగా భారతదేశము, పాకిస్తాను, మలేషియా, థాయిలాండు ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసినవి. మన కోస్తాజిల్లాలలో రొయ్యల వలన జీవించు కుటుంబములు ఎన్నియో మీరెఱుగుదురు. ఏటేట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టవచ్చు తీరమును ఇదియే.

1998లో వెలువడిన తుదితీర్పును చూడుడు. తాబేళ్లను రక్షించు ఉద్దేశము న్యాయమే యని అందులో స్పష్టముగా చెప్పిరి. దోషము చట్టమును అమలుపఱచిన తీరులో నున్నదనిరి. కరీబియను ప్రాంతపు దేశములకు మూడు సంవత్సరముల గడువిచ్చిన అమెరికా ఆసియా దేశములకు నాలుగు నెలలు మాత్రమే ఇచ్చియుండెను. తీర్పు అమెరికాకు ప్రతికూలమగుటకు ఈ పక్షపాతము ముఖ్యకారణములలో నొకటి. సియాటిల్ వీథిలో ఇది వాణిజ్య సంస్థ తాబేళ్లకు చేసిన ద్రోహముగా ప్రసిద్ధికెక్కినది. మన సముద్రతీరమునుండి చూచినవానికి ఇదే కథ వేఱుగా కనబడును. తాబేలు వేషము వేసినవాడు దుష్టుడు కాడు, వల లాగు మత్స్యకారుడును దుష్టుడు కాడు. ఇద్దఱికిని న్యాయమున్నది, ఆ రెండు న్యాయములు ఒకదానితో నొకటి ఒరసికొన్నవి.

సభాభవనము లోపల సైతము ఇట్టి పెనుగులాటయే జరిగెను. ముఖ్యమైన సంప్రదింపులు కొన్ని దేశముల నడుమ మూసిన తలుపుల వెనుక జరుగుచున్నవనియు, తమను వెలుపల నిలిపిరనియు ఆఫ్రికా మంత్రులు ప్రకటన చేసిరి. చిత్రములో అబాసీ అను ప్రతినిధి చూపు ఆగ్రహమునకు ఆధారమిది. చిత్రము చక్కగా గ్రహించిన అంశములలో నిది యొకటి. కాని అది చెప్పని అంశము మఱియొకటి కలదు. పనివారి హక్కులను వాణిజ్య నియమములతో ముడిపెట్టవలెనని వీథిలోని అమెరికా కార్మికసంఘములు కోరినవి. అధ్యక్షుడు క్లింటను ఆ దినములలో స్థానిక పత్రికతో మాటలాడుచు, ఆ హక్కులు పాటింపని దేశములపై తుదకు వాణిజ్యశిక్షలు విధింపవచ్చునను భావము వెలిబుచ్చెను. వాణిజ్యమంత్రి మురసొలి మారన్ నాయకత్వమున అచటికి వెళ్లిన మన ప్రతినిధివర్గమును, ఇతర వర్ధమాన దేశములును దీనిని గట్టిగా ఎదిరించిరి. పేదదేశముల సరకులను అడ్డగించుటకు ఇదొక సాకు కాగలదని వారి భయము. కావున సభ భగ్నమగుటకు వీథి ఒక్కటే కారణము కాదు. వెలుపలివారును, లోపలి పేదదేశములవారును ఒకే సభను తిరస్కరించిరి గాని, పెక్కు విషయములలో ఒకే కారణముచేత కాదు.

కథకు ఇట్టి ముడి ఇష్టముండదు. వీథిలో నున్నవాడును, సభలోని పేదదేశపు ప్రతినిధియు మిత్రులని చూపుట సుఖము. నిజమును కోరువారికి మాత్రము ఈ ముడియే విలువైనది. తాబేలును కాపాడవలెను, మత్స్యకారుని బ్రతికింపవలెను, నియమము అందఱికి సమానము కావలెను. ఈ మూడును ఎట్లు పొసగును? ఈ ప్రశ్న 1999లో తీఱలేదు, నేటికిని తీఱలేదు.

ఇంత చెప్పినను ఆ చిత్రమునకు రావలసిన గౌరవమును తగ్గింపరాదు. పోలీసువానిని రాక్షసునిగా చేయక, అలసిపోయిన మనుష్యునిగా చూపినది. సామాన్యముగా ఎవరును వినని వాణిజ్య సంస్థ చరిత్రమును కథకు ముందే క్లుప్తముగా చెప్పినది. వైద్యుని నోట ఔషధముల సమస్యను వినిపించినది. 2001లో దోహా నగరమున జరిగిన తరువాతి మహాసభలో ప్రజారోగ్యమును గూర్చిన ప్రత్యేక ప్రకటన వెలువడుట చూడగా, ఆ సమస్య కల్పితము కాదని తెలియును. వీథిలో నిర్బంధింపబడిన వారి వ్యాజ్యమును సైతము చరిత్రము మఱువలేదు. తగిన కారణము లేకయే వారిని పట్టుకొనిరని 2007లో జ్యూరీ తీర్పు చెప్పగా, సియాటిల్ నగరము పది లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. చిత్రము మొదట ప్రదర్శింపబడిన సంవత్సరము అదియే.

1999లో పుట్టిన బిడ్డలు నేడు యువకులైరి. వారిలో సియాటిల్ సంగతి తెలియగోరువారికి న్యాయస్థానపు కాగితములకంటె ముందుగా ఈ చిత్రమే కంటబడును. ఒడెస్సా మెట్లవలె తెరమీది దృశ్యమే వారి జ్ఞాపకమగును. కావున జరిగిన నిరసనమును కథగా వ్రాయువాని బాధ్యత స్వల్పము కాదు. అతడు వ్యక్తులను కల్పింపవచ్చును, పేర్లు మార్పవచ్చును, నాలుగు దినములను రెండు గంటలకు కుదింపవచ్చును. కాని జనులు వీథికి వచ్చిన కారణమును మార్చు హక్కు అతనికి లేదు.

ఇట్టి చిత్రమును చూచి వెలుపలికి వచ్చినపుడు మీరొక పరీక్ష చేసికొనుడు. ఆ స్త్రీకి తరువాత ఏమి జరిగినది అను ప్రశ్న ఒక్కటే మనస్సులో మిగిలినచో కథకుడు మిమ్ము కదిలించెను, అంతమాత్రమే. ఆ జనులు చలిలో ఆ కూడలిలో ఏల కూర్చుండిరి, వారు చెప్పినది నిజమేనా, మన యూరి మత్స్యకారుడు దానికేమనును అని మీరు విచారింప మొదలిడినచో, ఆ కూడలిలో కూర్చున్నవారికి కథకుడు తన ఋణమును తీర్చుకొన్నాడని భావింపవచ్చును.